పటాలు కట్టే మరిది

అన్న పోయిన రోజు పొద్దున, ఇంటి నిండా జనం ఏడుస్తుంటే, తమ్ముడు జేబులోంచి టేపు తీసి గుమ్మం కొలిచాడు.

అడ్డంగా ఒకసారి, నిలువునా ఒకసారి. తర్వాత మెట్ల మలుపు దగ్గరికి వెళ్ళి అక్కడా కొలిచాడు. "తలుపు ఉంటే పాడె పట్టదు" అన్నాడు. అని ఊరుకున్నాడా, స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, వచ్చేవాళ్ళ, పోయేవాళ్ళ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని తలుపు బందులు ఊడదీశాడు. స్క్రూలన్నీ కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"తోడబుట్టినవాడు అక్కడ అలా పడుంటే ఇప్పుడా కొలతలు?" అంది ఒకావిడ.

"అది గుండె కాదమ్మా, చెక్క" అంది పక్కావిడ.

ఆ మాటేమీ కొత్తది కాదు. అతన్ని అందరూ పిలిచేదే చెక్కయ్య అని. అసలు పేరు వేరే ఉంది కానీ అది కాగితాల మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. పొద్దస్తమానం చెక్కతో పని, మొహమూ చెక్క మొహమే, అందుకని ఆ పేరు అంటుకుపోయింది. అలా పిలిస్తే అతనికి కోపం వచ్చేది కాదు. కోపం రాకపోవడం చూసి పిలిచినవాళ్ళకే కోపం వచ్చేది.

అతను తలుపు ఊడదీస్తుంటే గది మూల కూర్చుని చూస్తున్నది అతని వదిన, పోయినాయన భార్య. అందరూ ఆమె చుట్టూ చేరి ఆమెని పట్టుకుని ఏడుస్తున్నారు. ఆమె కళ్ళల్లో మాత్రం చుక్క లేదు. ఆమెకి ఆ పూట ఒక్కటే అర్థమైంది. ఇంతమందిలో ఆయన్ని గోడకి తగలకుండా కిందికి దించాలని చూస్తున్నది ఈ ఒక్క మనిషే.

చెక్కయ్యది ఫోటోలకి పటాలు కట్టే కొట్టు. బజారు వీధిలో మందుల షాపుకీ సైకిళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కుని, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఉంటుంది. ఎవరైనా పొంగిపోతూ వచ్చి "మా అమ్మాయికి ఫస్టొచ్చిందండీ, ఇదిగో సర్టిఫికెట్టు" అంటే, "అంచు నల్లదా, గోధుమరంగా?" అని అడిగేవాడు. ఎవరైనా కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళమ్మ ఫోటో ఇస్తే, "అద్దం మెరిసేదా, మెరవనిదా?" అని అదే గొంతుతో అడిగేవాడు. అటు అభినందించిందీ లేదు, ఇటు అయ్యో అన్నదీ లేదు. ఇద్దరూ చిన్నబుచ్చుకుని వెళ్ళేవాళ్ళు. కానీ అతను కట్టిన పటానికి మూలలు కలిసినచోట గోరు పెట్టి గీకినా సందు దొరకదు. మళ్ళీ పని పడితే తిట్టుకుంటూ అక్కడికే వచ్చేవాళ్ళు.

చెక్కయ్య వాళ్ళు ముగ్గురు తోబుట్టువులు. పెద్దది ఆడపిల్ల. ఇంట్లో అందరూ ఆవిణ్ణి పెద్దక్క అనే పిలుస్తారు, ఇంటికి వచ్చిన కోడలితో సహా. ఆవిడ తర్వాత ఈ పోయినాయన. ఆఖరివాడు చెక్కయ్య.

చెక్కయ్యకి ఇరవై ఆరేళ్ళప్పుడు పెద్దక్క ఒక సంబంధం తెచ్చింది. పిల్ల తండ్రీ మేనమామా నేరుగా కొట్టుకే వచ్చారు. చెక్కయ్య వాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి, జిగురు ఆరిపోతుందని చేతిలో పని ముగించి, అప్పుడు చెప్పాడు. "నాకు పెళ్ళి చేసుకోవాలని లేదండీ. మా అక్కకి చెప్పాను. మీకు చెప్పలేదల్లే ఉంది. ఇంత దూరం వచ్చారు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళు తమ్ముడితో మాట మానేసింది. రెండేళ్ళయ్యాక ఉండబట్టలేక, "నీతో మాట్లాడ్డం మానేశాను, తెలుసా నీకు?" అని అడిగింది.

"అవునా? రావడం లేదు కదా, ఏదో పనిలో ఉన్నావనుకున్నా" అన్నాడట.

వదిన కాపురానికి వచ్చిన కొత్తలో అతన్ని చూసి నొచ్చుకునేది. ఒకసారి ఆమెకి వారం రోజులు జ్వరం వచ్చింది. చూడ్డానికి వచ్చిన మరిది "ఎలా ఉంది వదినా" అని ఒక్క మాటైనా అనకుండా, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆమె భర్త దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన నవ్వాడు.

"ఆ గోడ మీద కాలెండరు చూడు. పడుకున్నదానివి వారం నుంచీ దాన్నే చూస్తున్నావా? వంకరగా ఉండేది. వాడు సరిచేసి పోయాడు. వాడి దగ్గర లేనిది అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాడు చెప్పు. ఉన్నది మటుకు దాచుకోడు."

ఆ భర్తది నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి, గోడవారన వంగి, టార్చి వేసి అంకెలు రాసుకోవాలి. టార్చి బరువుకి ఆయన చొక్కాలన్నీ ఒక పక్కకి జారిపోయి ఉండేవి. పెద్దగా మాట్లాడేవాడు, ఇంకా పెద్దగా నవ్వేవాడు. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. పిల్లల్లేరు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో చప్పుడంతా ఆయనదే. ఆయన పోయాక గడియారం చప్పుడు వినపడ్డం మొదలైంది.

పోయిన తర్వాత వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతి మనిషికీ ఆ చివరి గంట మొదటినుంచీ చెప్పాలి. ఎన్నింటికి నొప్పన్నాడు, ఏం తాగాడు, ఏ చేత్తో గుండె పట్టుకున్నాడు. చెబుతున్నంతసేపూ వాళ్ళు ఆమె కళ్ళే చూస్తుండేవాళ్ళు, కుళాయి ఎప్పుడు తిప్పుతుందా అన్నట్టు. ఆమెకి రాలేదు. లోపలంతా ఎండిపోయిన గచ్చులా ఉంది. బయటికి వెళ్ళి వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. "చుక్క రాల్చలేదు చూశావూ. మరిది చెక్క అయితే ఈవిడ రాయి."

నాలుగో రోజు ఆమె లేచి వంట చేసింది. తిన్నవాళ్ళందరూ, "ఇంత బాధలోనూ ఎంత కమ్మగా చేశావమ్మా" అంటూ కళ్ళొత్తుకున్నారు. చెక్కయ్య రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"వదినా, ఉప్పు రెండుసార్లు వేశారు."

కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. పెద్దక్క అతని తొడ మీద గిల్లింది. ఆమె మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి రుచి చూసింది. నిజమే, నోట్లో పెట్టుకునేలా లేదు. నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. పెట్టి, గరిట తిప్పుతూ నిలబడి, నాలుగు రోజుల్లో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చింది. తను చేసిన పనిలో తప్పు ఉంది, దాన్ని సరిచెయ్యొచ్చు. ఆ నాలుగు రోజుల్లో ఆమెకి సరిచెయ్యగలిగింది ఇంకేదీ దొరకలేదు.

అప్పట్నించీ చెక్కయ్య రోజూ సాయంత్రం కొట్టుకి తాళం వేసి వదిన ఇంటికి వచ్చేవాడు. టీ తాగేవాడు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడేవాడు, లేకపోతే లేదు. ఓదార్పు మాటలు ఒక్కటీ లేవు. ఒకరోజు ఆమే అడిగింది.

"మరిదిగారూ, మీకు ఏడుపు రాలేదా?"

అతను గ్లాసు కింద పెట్టి కాస్త ఆలోచించాడు.

"రాలేదు. అందరూ చూస్తున్నారని తెప్పించుకుందామని కూడా చూశాను. రాలేదు."

"నాకూ రాలేదు."

"రాకపోతే రాలేదు" అన్నాడతను, పాలు రాలేదన్నట్టే.

అంతే. ఆ మాట విన్నాక ఆమె భుజాల మీద నుంచి ఏదో దింపినట్టయింది. అతను దింపాలని దింపలేదు. అందుకే బరువు తెలియకుండా దిగింది.

అలా ఏడాది కావస్తోంది. ఏడాది నిండే రోజున అందరూ ఇంటికి రావాలనీ, ముందు గదిలో పోయిన తమ్ముడి పెద్ద పటం పెట్టాలనీ పెద్దక్క పట్టుబట్టింది. ఆవిడ చెడ్డది కాదు. తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. తన అత్తవారి తరఫువాళ్ళంతా వస్తారు, వాళ్ళ కళ్ళకి తమ్ముడు దర్జాగా కనపడాలి, అంతే ఆవిడ కోరిక. ఎవరినీ అడక్కుండా స్టూడియోకి వెళ్ళి, ఆఫీసు గుర్తింపు కార్డు మీది ఫోటో పెద్దది చేయించింది. ఇంకా మూడు రోజులుందనగా వదినని వెంటబెట్టుకుని చెక్కయ్య కొట్టుకి వచ్చింది.

"ఎలా ఉంది?" అంది, ఫోటో మీద కాగితం తీసి.

వదిన చూసింది. నల్ల కోటు, ఎర్ర టై. జీవితంలో కోటు తొడగని మనిషి కోటు తొడుక్కుని, పళ్ళు బిగించి, ఎవరి మీదో ఫిర్యాదు రాస్తున్నట్టు చూస్తున్నాడు. ముక్కు ఆయనదే, చెవులు ఆయనవే, మనిషి మాత్రం ఆయన కాదు. ఇక బతికినన్నాళ్ళూ ఈ మొహం కింద కూర్చోవాలి, ఈ మొహం కింద నిద్రపోవాలి. కొన్నాళ్ళకి అసలు మొహం చెరిగిపోయి ఇదే మిగులుతుంది. కానీ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె పెద్దక్క మాటకి ఎదురు చెప్పింది లేదు.

"పాపిడి తప్పు వైపు ఉంది" అన్నాడు చెక్కయ్య.

"ఏంట్రా?"

"అన్నయ్య పాపిడి ఎడమ పక్క తీసేవాడు. ఇందులో కుడి పక్కనుంది. కోటు ఇటు తిరిగుంది, కార్డు ఫోటోలో మొహం అటు తిరిగుండేది. రెండూ అతకలేదని స్టూడియోవాళ్ళు మొహాన్ని తిప్పేశారు."

"పోయినవాడి పాపిడి ఎవరు చూస్తార్రా?"

"నేను చూశాను కదా."

"సరేలే, కోటు ఎంత నప్పిందో చూడు వాడికి!"

"స్టూడియోవాళ్ళు అతికించే ఈ కోటు అందరికీ నప్పుతుంది. ఈ ఏడాది పదకొండు మందికి కట్టాను. మొన్న పాలాయన వాళ్ళ నాన్నక్కూడా ఇదే. రెండో గుండీ ఉండదు చూడు."

పెద్దక్క కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. రెండో గుండీ లేదు. ఆవిడ మొహం కందిపోయింది.

"నీకు కళ్ళిచ్చిన దేవుడు మనసివ్వడం మర్చిపోయాడ్రా. నోరు మూసుకుని పటం కట్టు!"

"కట్టమంటే కడతాను. గోడ వదినది." అతను అటు తిరిగాడు. "వదినా, ఇది పెట్టుకుంటారా?"

వదినని అంతవరకూ ఎవరూ అలా ఎదురుగా నిలబెట్టి అడిగిన పాపాన పోలేదు. ఆమె పెద్దక్క వైపు చూసింది, నేల వైపు చూసింది. "పెద్దక్క ఎలా అంటే అలాగే" అంది.

"సరే" అన్నాడు చెక్కయ్య. అని చెక్క కొలుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో బట్టలు పిండుతూ ఆమె మరిదిని తిట్టుకుంది. నా మొహం చూస్తే తెలియలేదా? పాపిడి కనపడింది, నేను పడే నరకం కనపడలేదా? ఒక్క మాట అడ్డు వేస్తే ఏం పోయేది? దుప్పటిని గట్టిగా మెలిపెట్టి, విదిలించి, తీగ మీద వేసింది. వేసి అక్కడే ఆగిపోయింది.

అడిగాడు కదా. పెట్టుకుంటారా అని అడిగాడు. తనే అలాగే అంది. అన్న మాటని అన్నట్టు విన్నాడు. పుట్టినప్పట్నించీ అందరూ ఆమె మనసులో మాట మాకు తెలుసన్నవాళ్ళే. నీకిదే ఇష్టం కదమ్మా అంటూ పెట్టినవాళ్ళే, నీకు బాధగా ఉంటుంది కదమ్మా అంటూ ఏడవమన్నవాళ్ళే. ఆయన కూడా, పాపం ప్రేమ కొద్దీ, ఆమె నోరు తెరిచేలోపే ఆమె మాట కూడా ఆయనే చెప్పేసేవాడు. ఈ ఒక్క మనిషి ఆమె మాటని ఆమెకే వదిలేశాడు. ఇంకెవరి కోపాన్నీ లెక్కచెయ్యనట్టే, ఆమె మొహమాటాన్నీ లెక్కచెయ్యలేదు. కావాలంటే నోరు తెరవాల్సింది తనే.

మర్నాడు పొద్దున్నే బీరువాలో దుప్పట్ల కింద నుంచి ఒక చిన్న ఫోటో తీసి, కాగితంలో చుట్టుకుని, ఒక్కతే కొట్టుకి వెళ్ళింది. కోటు పటం అప్పటికే తయారై గోడకి ఆనించి ఉంది.

"నిన్న అలాగే అన్నాను. ఇవాళ వద్దంటున్నాను. ఇది పెట్టుకోను" అంది.

"సరే."

"కట్టేశారు కదా మరి?"

"విప్పుతాను."

ఎందుకని అడగలేదు. అక్క ఏమంటుందో అనలేదు. ఆమె కాగితం విప్పి చిన్న ఫోటో బల్ల మీద పెట్టింది. మూడేళ్ళ కిందట వాళ్ళ డాబా మీద పైపు పగిలినప్పుడు పక్కింటి అమ్మాయి తీసింది. నిలువునా తడిసిపోయిన మనిషి, కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కాస్త మసకగా ఉంది. ఒక పక్కన బకెట్టు పట్టుకున్న ఆడమనిషి చెయ్యి, సగం భుజం.

చెక్కయ్య దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. "పాపిడి సరిగ్గా ఉంది" అన్నాడు. తర్వాత, "మీ చెయ్యి పడింది. పోయినవాళ్ళ పక్కన బతికున్నవాళ్ళు ఉండకూడదని అందరూ కత్తిరించమంటారు. కత్తిరించాలా?"

"ఉండనివ్వండి."

"బకెట్టు?"

"అదీ ఉండనివ్వండి."

"ఎక్కణ్ణుంచి చూస్తారు?"

ఆమెకి అర్థం కాలేదు.

"రోజూ ఎక్కడ నిలబడి చూస్తారు? చిన్న ఫోటో కదా. చోటు తెలిస్తే అంచు ఎంత పెట్టాలో తెలుస్తుంది."

"పొయ్యి దగ్గర నుంచి" అంది ఆమె. అలా అడిగేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు.

మర్నాడు సాయంత్రం మేకులూ సుత్తీ పట్టుకుని వచ్చాడు. ఆమెని పొయ్యి దగ్గర నిలబెట్టి, వంటింటి గుమ్మంలోంచి ముందు గది గోడ ఎంతవరకు కనపడుతుందో చూసి, ఆమె చూపు ఆనేచోట పెన్సిలుతో గీత పెట్టాడు.

"అందరూ తలుపు మీద పైకి పెడతారు కదండీ" అంది ఆమె.

"అందరికీ అక్కడ కావాలేమో. మీకు?"

"ఇక్కడే."

మేకు దిగింది. ఆయన నవ్వు సరిగ్గా ఆమె ఎదురుగా వచ్చి ఆగింది.

అనుకున్న రోజున పదిహేనుమంది దాకా వచ్చారు. పెద్దక్క గుమ్మంలో అడుగుపెడుతూనే తలెత్తి తలుపు మీదికి చూసింది. ఖాళీ. కళ్ళు కిందికి దించి గోడలు వెతికింది. దొరికింది.

"ఇదేంటమ్మాయ్? కోటు పటం ఏది?"

"వద్దన్నాను పెద్దక్కా."

"ఎవరూ, నువ్వా?"

"నేనే."

"తడిసి ముద్దయి, కళ్ళు మూసుకుని, పళ్ళన్నీ బయటపెట్టి... పక్కన బకెట్టొకటీ! ఏడాదికి పెట్టే పటమా ఇది? చూసినవాళ్ళు నవ్వరూ?"

అందరూ మాటలాపి చూస్తున్నారు. ఆమె గోడ వైపు చూసింది.

"నవ్వనివ్వండి పెద్దక్కా. ఆయనా నవ్వుతున్నారుగా."

పెద్దక్క మూతి ముడుచుకుని తమ్ముడి మీద పడింది. "ఇదంతా నీ నిర్వాకమే కదరా!"

"వదిన చెప్పింది, కట్టాను" అన్నాడు చెక్కయ్య.

"మరి నేను చెప్పింది?"

"అదీ కట్టాను. వదిన వద్దంది, విప్పాను. కావాలంటే మళ్ళీ కడతా. మీ ఇంట్లో ఏ గోడకి?"

పెద్దక్క తిట్టడానికే నోరు తెరిచింది. "మా ముందు గదిలో" అంది చివరికి. "తలుపు మీద. పైకి."

"సరే. రేపు సాయంత్రానికి తెస్తాను."

ఈలోపల ఆయనతో ఆఫీసులో పనిచేసిన ఒకాయన లేచి పటం దగ్గరికి వెళ్ళాడు. చూసి ఫక్కున నవ్వాడు. "ఇది పైపు పగిలిన రోజుదే కదమ్మా? మీటర్లు చూసేవాడింట్లోనే పైపు పగిలిందని వారం రోజులు వాయించాం ఆయన్ని. ఆయన ఏమన్నాడో తెలుసా? ఊళ్ళో నీళ్ళన్నీ నన్ను గుర్తుపట్టి ఇంటికొచ్చాయన్నాడు!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో ఆయన ఒక ఇంట్లో కుక్కకి భయపడి మీటరు పెట్టె మీదెక్కిన సంగతి ఎత్తారు. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఎలా పోయాడని ఒక్కరూ అడగలేదు. ఎలా ఉండేవాడో చెప్పుకున్నారు. పెద్దక్క పటానికి వీపు పెట్టి కూర్చుంది కానీ, కుక్క కథ తప్పుగా చెబుతున్నారని మధ్యలో దిద్దింది. వదినకి ఆ రోజు కూడా ఏడుపు రాలేదు. రాకపోతే రాలేదు అనుకుని అందరికీ టీ పోసింది.

అంతా వెళ్ళాక చెక్కయ్య కుర్చీలు మడతపెడుతున్నాడు. ఆమె అతని దగ్గరికి వచ్చి నిలబడింది.

"మరిదిగారూ, మీరు చేసిన మేలు నేను మర్చిపోలేను."

అతను నిజంగానే తికమకపడ్డాడు. "నేనేం చేశాను వదినా? మీరు చెప్పింది చేశాను."

అవును, అంతే చేశాడు. ఆ మాట అతనికి వివరించి చెప్పబోయి ఆమె మానుకుంది. చెబితే వింటాడు, సరే అంటాడు. కృతజ్ఞతని పుచ్చుకోవడానికి ఆ మనిషి దగ్గర చోటు లేదు. లేకపోయినా ఇబ్బంది లేదు, అది ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె పడకగదిలోకి చూసింది. పెళ్ళయినప్పట్నించీ మంచం లోపలి గోడవారనే ఉంది. ఆయనకి గాలి పడేది కాదు.

"నాకు ఈ మంచం కిటికీ దగ్గరికి జరుపుకోవాలనుంది" అంది.

"ఇప్పుడా, రేపా?"

"ఇప్పుడే."

అతను చేతిలో కుర్చీ పక్కన పెట్టి, వచ్చి మంచానికి ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర ఆమె పట్టుకుంది.